జట్కా తోలిన మావయ్య

పాత సినిమా ముందు కూర్చుంటే నా చూపు హీరో మీద నిలవదు. ఆయన తోటలో చెట్టుకి ఆనుకుని పాడుతుంటే నేను వెనకాల నీళ్ళు పోస్తున్న తోటమాలిని చూస్తాను. పెళ్ళి పందిట్లో పీటల మీద ఉన్నవాళ్ళని వదిలేసి గొడుగు పట్టుకున్నవాడినీ, విస్తళ్ళు మోసుకెళ్తున్నవాడినీ వెతుకుతాను. ఇక కోర్టు సీనంటే చెప్పక్కర్లేదు. జడ్జిగారు ఏ తీర్పు ఇచ్చారో నాకు గుర్తుండదు గానీ, తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతు అంతకుముందు ఏ సినిమాలో ఎవరింట్లో వంటవాడో చెప్పగలను. మా అమ్మాయి విజయనగరం వచ్చినప్పుడల్లా "అమ్మా, నీకసలు కథ అర్థమవుతోందా?" అని ఏడిపిస్తుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు కథ అర్థం కాకేం? నాకు కావలసింది ఆ కథలో ఉండదు, అంతే. ఈ చూపు నాకు మా పైడమ్మత్త దగ్గర అబ్బింది. అత్త పోయి ఏడాది దాటింది. మొన్న మధ్యాహ్నం భోంచేసి టీవీ పెడితే, పాత సినిమాల చానల్లో మళ్ళీ ఆ జట్కా సినిమా వచ్చింది. చివరిదాకా చూశాను. చూశాక ఇదంతా రాయాలనిపించింది. ఇందులో నేను ఆడిన అబద్ధం ఒకటుంది. అది నాతోపాటు పోవడం నాకిష్టం లేదు.

పైడమ్మత్త మా నాన్నకి ఒక్కతే చెల్లెలు. మా ఊరు చీపురుపల్లికి రెండు కోసుల దూరం. తాతకున్న భూమంతా మెట్టే, చోళ్ళు అనే రాగులు, నువ్వులు, నార తీసే గోగు. వానలు వెనకబట్టాక గోగు కోసి, కట్టలు కట్టి మడుగులో ఊరేసేవాళ్ళు. ఆ ఊరిన గోగు వాసన ఊరంతా కమ్మేసి, నెల్లాళ్ళపాటు అన్నంలోనూ బట్టల్లోనూ అదే ఉండేది. కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్ళు ముక్కు మూసుకునేవారు. రెండో ఏటికి వాళ్ళకీ తెలిసేది కాదు. తెల్లవారగానే అత్త చోడి అంబలి కాచి, అందరికీ పోసి, తను చివర్న కుండ అడుగు గీక్కుని తాగి, నార ఒలవడానికి మడుగుకి బయలుదేరేది. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, అరుగు మీద కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడమన్నమాట. నోట్లో నిప్పుంటే మాట్లాడడానికి వీలుండదు కాబట్టి మామ్మ రోజంతా దాదాపు మౌనమే. ఆవిడ చుట్ట బయటికి తీసిందంటే ఏదో పెద్ద మాట వస్తుందని ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపేసేవాళ్ళం.

అత్త పుట్టింట్లో ఎందుకుందో నాకు ఊహ తెలిసేసరికే ఊరందరికీ తెలుసు. ఆమె మొగుడు గౌరీశు మావయ్య నాటకాల మనిషి. పద్యం అందుకుంటే పక్క ఊళ్ళో గొడ్లు చెవులు రిక్కించేవని నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు నాగలి కర్రు దిగి ఎడమ పాదం దెబ్బతిన్నదట. నడిస్తే ఆ పాదం బయటికి తిరిగి, అడుగు విసిరినట్టు పడేది. రాజు వేషం కట్టినప్పుడు ఆ నడకే దర్జాగా ఉండేదనీ చెప్పుకునేవారు. పెళ్ళయిన రెండేళ్ళకి ఒక నాటకం పార్టీతో మద్రాసు వెళ్ళాడు. అక్కణ్ణించి ఒకే ఒక్క కార్డు వచ్చింది. సినిమాలో వేషం దొరికిందనీ, నార అమ్మకాల వేళకి వచ్చేస్తాననీ రాశాడు. ఆ ఏడు నార అమ్మకాలు అయిపోయాయి. మళ్ళీ గోగు వేశారు, మళ్ళీ కోశారు. అత్తవారింట్లో వాళ్ళు ఇతని కోసం ఎదురుచూడడం మానేసి, ఈమె తిండి గురించి మాట్లాడడం మొదలుపెట్టాక, తాత బండి కట్టుకెళ్ళి కూతుర్ని తెచ్చేసుకున్నాడు.

మా వైపు సినిమాని బొమ్మ అంటారు. "ఏటి బొమ్మ ఆడతంది?" అనే అడుగుతారు. చీపురుపల్లిలో సంత జరిగే చోటుకి పక్కన ఒక డేరా హాలుండేది. పట్నాల్లో ఆడి ఆడి గీతలు పడిపోయిన బొమ్మలు రెండు మూడేళ్ళకి అక్కడికి వచ్చేవి. ఆడవాళ్ళ వైపు తడక అడ్డం. అత్తకి బొమ్మల పిచ్చి అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు గానీ, ఆమెకున్నది పిచ్చి కాదు. ఒంటరిగా పంపరు కాబట్టి నన్ను వెంటేసుకుని వెళ్ళేది. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్నప్పుడు, మొదటాటలో, రైలు దిగిన జమీందారు వెనకాల ఒక కూలీ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇటునుంచి అటు దాటాడు. అత్త నా తొడ మీద గిల్లింది. చర్మం కమిలిపోయేంత గిల్లు.

"ఒలే గుంటా, సూడు. ఆ పెట్టి మోస్తన్నోడి ఎడం కాలు సూడు. మీ మావ!"

నేను చూసేసరికి జమీందారు బంగళా వచ్చేసింది. నాలుగో రోజున ఇంట్లో చెబితే మామ్మ చుట్ట బయటికి తీసింది. "నువ్వు సరిగ్గా సూసినావేటే? ఎవుడో కుంటోడేమో." "నా మొగుడి నడక నాకు తెల్దేటమ్మా? నాలుగు మాట్లు సూసినాను." నిజంగానే నాలుగు రోజులు వరసగా వెళ్ళి అదే బొమ్మ చూసింది, ఆ ఒక్క పెట్టె కోసం. తాత చివరికి "బతికే ఉన్నాడన్నమాట, ఎదవ" అని తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయాడు.

అప్పట్నుంచి మా ఇద్దరికీ అదే పని. మావయ్య ఎక్కడ దాక్కున్నాడో వెతకాలంటే వెనకాల నిలబడేవాళ్ళందర్నీ చూడాలి కదా. అలా చూసి చూసి వాళ్ళందరూ మాకు చుట్టాలైపోయారు. వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు, మేమే పెట్టుకున్నాం. ప్రతి బొమ్మలోనూ తాళంచెవుల గుత్తితో తిరిగే ముసలాయన మా ఊరి మునసబు పోలికలో ఉంటే అత్త ఆయన్ని మునసబు బావ అనేది. ఎప్పుడూ ఎవరో ఒకరి శవం మీద పడి ఏడ్చే ఆవిడ ఏడుపప్ప. మంచి నీళ్ళు తెచ్చి ఇచ్చి వెళ్ళిపోయే కుర్రాడు బొమ్మబొమ్మకీ పెద్దవాడై, మీసాలొచ్చి, పోలీసయ్యాడు. "మన నీళ్ళ గుంటడికి ఉద్యోగం అయ్యిందే!" అని అత్త మురిసిపోయింది. మావయ్య మాత్రం ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, రెప్పపాటులో దాటేవాడు. కల్లుపాకలో, జాతరలో, పెళ్ళివారి వెనకాల. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "బండి సిద్ధంగా ఉందండి, చెప్పమంటారా?" అన్నాడు. అత్త ఇంటికొచ్చి మడత మంచం వాలుస్తూ ఏడుపు గొంతుతో అమ్మతో అంది. "సెప్పమంటారా అన్నేదు వొదినా. చెప్పమంటారా అన్నాడు. మన మాట పోనాది ఆడి నోట్లోంచి. ఇంకేటొస్తాడు!" నాకప్పుడు అది ఏడవాల్సిన విషయంగా తోచలేదు.

నాకు పధ్నాలుగు వచ్చిన ఏడు, మా ఎదురింటి సన్యాసి మావ బెల్లం బేరానికి విజయనగరం వెళ్ళి, అక్కడొక బొమ్మ చూసి, రైలు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు.

"బొమ్మలో గోడకి మన గౌరీశు పటం ఉన్నాది బావూ. దండేసీసి ఉన్నాది. దీపం కూడా ఎట్టినారు. నాను కళ్ళారా సూసినాను" అన్నాడు తాతతో.

పటానికి దండ వేస్తే మనిషి లేనట్టే. సినిమాలో కథానాయిక తండ్రి పటం అవసరమైతే ఎవరో ఒకరి ఫోటో తగిలిస్తారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బతికున్నవాడి పటానికి దండ వేసే పాపం ఎవరు చేస్తారనే అందరూ అనుకున్నారు. మామ్మ ఏడుపు మొదలుపెట్టింది. మర్నాడు పొద్దున్నే తాత పంతులుగారికి కబురు పెట్టాడు. నాన్న, ఊరి పెద్దలు నలుగురు, సన్యాసి మావ అరుగు మీద కూర్చున్నారు. మేమంతా తలుపు వెనక.

పంతులుగారు విషయం విడమరిచి చెప్పారు. దేశాంతరం పోయినవాడి గురించి పన్నెండేళ్ళు ఏ కబురూ లేకపోతే పోయినట్టే లెక్క. దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి దహనం చేసి, కర్మ జరిపించాలి. కార్డు వచ్చి పన్నెండేళ్ళు నిండాయి. "మరి బొమ్మల్లో కనబడతన్నాడు కదండి" అన్నాడు నాన్న నెమ్మదిగా. పంతులుగారు ఇబ్బందిపడ్డారు. "కబురంటే ఉత్తరమో, మనిషి నోటిమాటో అవ్వాలి నాయనా. సినిమాలో కనబడడం కబురవుతుందా కాదా అన్నది శాస్త్రంలో ఎక్కడా లేదు. పైగా ఆ సినిమాలు ఎప్పుడు తీసినవో ఏమిటో. ఇప్పుడు పటానికి దండ కూడా చూశామంటున్నారు. ఆ దర్భబొమ్మ కట్టేస్తే ఆ జీవుడికి దారి దొరుకుతుంది."

తలుపు వెనకనుంచి అత్త గొంతు లేచింది. "బొమ్మలో ఉన్నోడికి బొమ్మ కడతారేటి పంతులుగారూ?"

నేను పకాలున నవ్వాను. అమ్మ నా నెత్తి మీద ఒక్కటేసింది. బయట ఎవరూ నవ్వలేదు.

కర్మ జరిగితే ఆ తరవాత ఏమవుతుందో నాకు తెలుసు, పెదనాన్న పోయినప్పుడు మా పెద్దమ్మని చూశాను కాబట్టి. పదో రోజున మడుగు గట్టున రాతి మీద చేతులు పెట్టించి గాజులు పగలగొట్టారు. మర్నాటినుంచి పెద్దమ్మ వెనక వసారాలోనే ఉండేది. పెళ్ళిపందిరి ఛాయలకి రానిచ్చేవారు కాదు, ఎవరైనా ఊరికి బయలుదేరితే ఎదురు రాకుండా ముందే గోడవారకి తప్పుకునేది. ఇక బొమ్మకి వెళ్ళడమన్నది మాటల్లో కూడా లేదు. గాజులు పోతే అత్తకి డేరా హాలు పోతుంది, డేరా హాలుతో ఆ విసిరినట్టుండే నడకా పోతుంది. ముప్పై ఏళ్ళ మనిషికి ఒక అరుగూ ఒక వసారా మిగులుతాయి. ఈ లెక్క ఆమె నాకంటే ముందే వేసుకుని ఉంటుంది. తలుపు దాటి బయటికొచ్చి, పెద్దల ముందు నిలబడి, తాతతో అంది. "అయ్యా, నన్ను తీసుకెల్లి సూపించు. ఆ దండ నా కళ్ళతో నాను సూస్తాను. అందులో ఆయన పటవే గానీ మనిషి అగుపడకపోతే, మీరేటి సెయ్యమంటే అదే సేస్తాను." తాత తలూపాడు.

మూడో రోజున పాసింజరెక్కి విజయనగరం వెళ్ళాం, మ్యాటినీకి. తాత, నాన్న, అత్త, నేను. తాత జీవితంలో అదే మొదటి బొమ్మ. ఉతికిన పంచె, పైన కండువా, చేతిలో కర్ర. అప్పటికే ఆయన కళ్ళకి శుక్లాలొచ్చి కంటిపాపలు తెల్లబడుతున్నాయి. వెనక కుర్చీల్లో ఒక వరసలో నేనూ అత్తా, మా వెనక వరసలో సరిగ్గా అత్త వెనకాల తాత, ఆయన పక్కన నాన్న కూర్చున్నాం. బొమ్మ మొదలైన కాసేపటికే ఆ గోడ వచ్చింది. కథానాయిక దీపం వెలిగించి, పటం వైపు చూసి ఏడ్చింది. పటంలో మావయ్య తలపాగా చుట్టుకుని, కాస్త నవ్వుతున్నట్టు ఉన్నాడు. తెల్లపూల దండ గడ్డం కిందనుంచి వేలాడుతోంది. అన్నాళ్ళూ రెప్పపాటులో దాటిపోయిన మనిషి, ఆ అమ్మాయి ఏడ్చినంతసేపూ కదలకుండా మా ముందున్నాడు. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

విశ్రాంతి అయ్యాక చాలాసేపు ఏమీ లేదు. నాకు భయం వేసింది. వెనకనుంచి తాత కర్ర నేలకి తట్టడం వినబడుతోంది. అప్పుడు ఒక స్టేషను సీను వచ్చింది. ఎవరో దిగారు, జట్కా ఎక్కారు. తలపాగా పెట్టుకున్న జట్కావాడు సగం మొహం ఇటు తిప్పి కొరడా ఝళిపించాడు.

అత్త లేచి నిలబడిపోయింది. "అయ్యా! అడుగో! జట్కా తోలతన్నాడు! సూడండి, సూడండి!"

హాలంతా మావైపు తిరిగింది. "కూచోవమ్మా!" అని అరిచారు. ఎవరో ఈల వేశారు, నేను సిగ్గుతో తల దించుకున్నాను. అత్త కూర్చోలేదు. జట్కా ఎవరింటికో చేరేదాకా, ఎక్కినవాళ్ళు దిగేదాకా, తెరకేసి చెయ్యి చాపి అలాగే నిలబడింది. తాత గొంతు ఆ గోలలో పెద్దగా వినబడింది. "సచ్చినోడు జట్కా తోలతన్నాడేటి?" హాలంతా గొల్లుమంది. తాత నాన్నవైపు తిరిగి అడిగాడు. "నాకు సరిగ్గా ఆనదు. నువ్వేటంటావురా? ఆడేనా?" నాన్న చెల్లెలి చేతుల వైపు చూశాడు. "ఆడే అయ్యా" అన్నాడు.

"మరా పటం?" "అది ఏషం అయ్యా" అంది అత్త, అప్పుడు కూర్చుంటూ. "సచ్చినోడి ఏషం కూడా ఏషవే కదా."

దర్భబొమ్మ ఆగిపోయింది. తిరుగు రైల్లో తాత ఆ మాటే తలుచుకుని తలుచుకుని నవ్వాడు, ఎదురు సీటులోవాళ్ళకి చెప్పి మరీ నవ్వాడు. అత్త మాత్రం విజయనగరంలో రైలు కదిలింది మొదలు చీపురుపల్లిలో దిగేదాకా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. "బతికే ఉన్నాడు కదా, ఎందుకత్తా?" అని అడిగితే "నోర్ముయ్యే గుంటా" అంది. బతికుండీ రాని మొగుడి మీద కోపం కాబోలనుకున్నాను. యాభై ఏళ్ళు అలాగే అనుకున్నాను.

తరవాత తాత, మామ్మ పోయారు. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాం. అమ్మానాన్నా కూడా పోయాక అత్తని నా దగ్గరికే తెచ్చుకున్నాను. మా ఆయన పోయినప్పుడు పదో రోజున చుట్టాల్లో ముసలమ్మలు నా చేతులకేసి చూడడం మొదలుపెడితే, డెబ్బై దాటిన అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "గాజులు ఆయనేసినాడేటి? మా అన్న ఏయించినాడు, ఇది ఉయ్యాల్లో ఉన్నప్పుడు. ఎవులు తీస్తారో రండి సూస్తాను." ఎవరూ రాలేదు. నా నుదుటన ఇప్పటికీ బొట్టు ఉంది. నేను చదువుకున్నదాన్నని, ఉద్యోగస్తురాలినని ఊరుకున్నారని మా అమ్మాయి అంటుంది. కొంతవరకు నిజమే కావచ్చు. రోజులు మారాయని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు గుమ్మంలో నిలబడింది రోజులు కాదు, మా అత్త.

పాత సినిమాల చానల్ వచ్చాక అత్త చివరి రోజులు ఆ టీవీ ముందే గడిచాయి. ఒకప్పుడు ఏడాదికోసారి కనబడిన మనిషి ఇప్పుడు వారానికోసారి పెట్టె మోస్తున్నాడు. ఆమెకి ఎనభై దాటాయి, ఆయనకి ఇంకా పాతికే. "సూడు, మన పిల్లడిలా ఉన్నాడు" అనేది. మునసబు బావ, ఏడుపప్ప, నీళ్ళ గుంటడు అందరూ మళ్ళీ వచ్చారు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే పలకరించేది. మా అమ్మాయి ఒకసారి తన ఫోనులో ఆ పెట్టె మోసే సీను పట్టుకుని, అక్కడ ఆపి, మొహం పెద్దది చేసి చూపించింది. అత్త ఫోను దూరంగా నెట్టింది. "ఆపకమ్మా. నడవనీ" అంది.

ఆ చానల్లోనే ఒక మధ్యాహ్నం జట్కా సినిమా వచ్చింది. ఆనాటి తరవాత నేను దాన్ని చూడడం అదే. దండ వేసిన పటం వచ్చి వెళ్ళింది. స్టేషను వచ్చింది. జట్కావాడు తలపాగాతో సగం మొహం ఇటు తిప్పాడు. ఈసారి నా పక్కన ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ అరవలేదు. జట్కా ఇంటి ముందు ఆగింది. బండివాడు కిందికి దూకి, సామాను అందుకుని, అరుగుదాకా నాలుగడుగులు నడిచాడు. రెండు పాదాలూ తిన్నగా పడ్డాయి.

నేను అత్తవైపు తిరిగాను. ఆమె తెరకేసే చూస్తోంది.

"అత్తా, ఇతను మావయ్య కాదు."

"కాదు" అంది.

"మరి ఆరోజు..."

"మా అయ్యకి అడ్డంగా ఎందుకు నిలబడ్డాననుకున్నావే? ఆడు దిగి నడిస్తే అయ్య సూడడేటి? ఎంత కళ్ళు మసకైనా ఆ కాలు తెలిసిపోదేటి?" కొంగు సర్దుకుంటూ అంది. "మీ నాన్నకి తెల్సు. ఆడు కళ్ళున్నోడు. నా సేతులకేసి సూసి ఆడే అన్నాడు. మళ్ళీ సచ్చీదాకా ఆ మాట నా దగ్గర ఎత్తనేదు."

"మరి పటం?"

"పటం ఆయనదే. ఆ తరవాత ఏ బొమ్మలోనూ మరి ఆయన నడవనేదు. నాను సూడని బొమ్మ నేదు కదా."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రైల్లో అత్త ఏం చేసిందో. ఆ దండ చూడగానే ఆమె మనసుకి తెలిసిపోయింది, మొగుడు లేడని. నిజంగా లేడో, ఎక్కడైనా ఉండి వేషాలు మానేశాడో ఆ దేవుడికే తెలియాలి. ఆమెకి మాత్రం ఆ రోజే పోయాడు. ఇంటికెళ్తే ఏడవడానికి లేదు, ఏడిస్తే గాజులు పోతాయి. అందుకని విజయనగరానికీ చీపురుపల్లికీ మధ్య, చేతినిండా గాజులతో, ఎదురుగా తండ్రి నవ్వుతుండగా మొగుడికి ఏడ్చేసింది. ఆ పక్కనే కూర్చుని నేను ఎందుకేడుస్తున్నావని అడిగాను. 

ఆ తరవాత రెండేళ్ళకి అత్త పోయింది, నిద్రలోనే. పోయాక తనని ఊరికి తీసుకెళ్ళాలని ముందే మాట తీసుకుంది కాబట్టి మా ఊరే తీసుకెళ్ళాం. గోగు వెయ్యడం మా ఊళ్ళో ఎప్పుడో మానేశారు. మడుగు సగం పూడ్చి ఇళ్ళు కట్టారు. మనుషులు కూడా మారారనే అనుకుంటూ వెళ్ళాను. వాకిట్లో అత్తని పడుకోబెట్టాక ఆడవాళ్ళు స్నానం చేయించడానికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడిపోయారు. వాళ్ళ దగ్గర రెండు చీరలున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. ఏది కట్టాలో ఎవరికీ తెలియదు. ముత్తయిదువగా పంపాలంటే పసుపు, పూలు, కొత్త గాజులు. కాదంటే ఉన్న గాజులు ఇప్పుడైనా తీసెయ్యాలి. ఊరికి పెద్దగా ఇప్పుడున్నది అప్పలనాయుడు చిన్నాన్న, నాన్నకి పినతండ్రి కొడుకు. కర్ర ఊతంతో నా దగ్గరికొచ్చాడు. చెడ్డవాడు కాదు. తప్పు జరక్కూడదని ఆయన భయం.

"పన్నెండేళ్ళు కాదమ్మా, అరవై ఏళ్ళయిపోనాది. మీ అత్త ఉన్నంతకాలం బొమ్మలో సూసినానని సెప్పీది, మేం ఊరుకున్నాం. ఇప్పుడు సెప్పడానికి అది నేదు. నువ్వు సదువుకున్నదానివి, అబద్దం ఆడవు. ఆడున్నాడేటి?"

చెప్పాల్సిన మాటలు నాకు తెలుసు. మొగుడు ఉంటేనేం, లేకపోతేనేం, ఆ గాజులు ఆవిడవి, ఆ బొట్టు ఆవిడది. నా కోసం అత్త గుమ్మంలో నిలబడి అన్న మాటలే, నేనూ అనాలి. నోటిదాకా వచ్చాయి. కానీ అంటే ఏమవుతుంది? అంటే మొగుడు లేడని ఒప్పుకున్నట్టే. అరవై ఏళ్ళు ఊరంతటి ముందూ నిలబెట్టుకున్న మాట, తాతకి అడ్డంగా నిలబడి నిలబెట్టుకున్న మాట, ఆవిడ వాకిట్లో పడుకుని ఉండగా నేను పడగొట్టినట్టు. అత్త అబద్ధాలకోరని ఊరు అనుకోవడం నాకిష్టం లేదు. అత్త చేతులకేసి చూశాను. మణికట్టు సన్నబడిపోయి గాజులు అరచేతి దాకా జారి ఉన్నాయి.

"ఉన్నాడు" అన్నాను.

"ఎవులు సూసినారు?"

ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లల నోట్లో 'సెప్పు'ని 'చెప్పు' అనీ, 'సూడు'ని 'చూడు' అనీ బెత్తం పట్టుకుని దిద్దినదాన్ని. ఎప్పుడో మానేసిన మాట, ఎలా వచ్చిందో తెలియదు, తనంతట తనే వచ్చింది.

"నాను సూసినాను సిన్నాన్నా. నడుస్తన్నాడు."

చిన్నాన్న నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తరవాత ఆడవాళ్ళ వైపు తిరిగి తలూపాడు. వాళ్ళు ఎర్రచీర మడత విప్పారు.